పది సెల్లోల్లో మీదేది మేడమ్?

పాఠకుల ప్రశ్నలు, ఒక ఆర్కెస్ట్రా సెల్లో కళాకారిణి జవాబులు

ఆర్కెస్ట్రాలో సెల్లో (కుర్చీలో కూర్చుని, కాళ్ల మధ్య నిలబెట్టి కమానుతో వాయించే పెద్ద వయొలిన్ లాంటి వాయిద్యం) వాయించేవాళ్ల సంగతులు ఏమైనా అడగండి అన్నందుకు బోలెడు ఉత్తరాలొచ్చాయి. సగం ఉత్తరాల్లో ప్రశ్న ఒకటే, రాత్రి రెండు గంటలు వాయిస్తే నెల జీతం ఇస్తారా అని. సరే, అక్కడి నుంచే మొదలుపెడదాం. ఇరవై రెండేళ్లుగా ఇదే పని చేస్తున్నాను, కాస్త ఎక్కువ మాట్లాడితే ఏమీ అనుకోకండి.

ప్ర: కచేరీ సాయంత్రం రెండు గంటలే కదా. మిగతా రోజంతా ఏం చేస్తారు మేడమ్? నిజం చెప్పండి.

జ: నిజమే చెప్తాను. పొద్దున గంటన్నర ఇంట్లో సాధన. అందులో సగం స్కేల్స్‌కీ ఎట్యూడ్‌లకీ, అంటే సాధన కోసం రాసిన ముక్కలకీ, పోతుంది. డేవిడ్ పాపర్ రాసిన 40 ఎట్యూడ్‌ల పుస్తకం ఒకటుంది, సెల్లో గట్టిగా నేర్చుకున్నవాళ్లలో దాన్ని తిట్టుకోనివాళ్లు ఉండరు, నేనైతే ఇప్పటికీ తిట్టుకుంటూనే వాయిస్తాను. తర్వాత రిహార్సల్. ఒక్కోటి రెండున్నర, మూడు గంటలు, కొన్ని రోజులు రెండు పూటలా ఉంటుంది. ఒక కార్యక్రమానికి నాలుగైదు రిహార్సల్స్ చేసి కచేరీ ఇస్తాం, వారం తిరిగేసరికి స్టాండ్ మీద పూర్తిగా వేరే సంగీతం ఉంటుంది. ఈ వారం బ్రామ్స్ వాయిస్తూనే ఇంటికొచ్చి వచ్చే వారం స్ట్రావిన్‌స్కీ చదువుకోవాలన్నమాట. మా పార్టు మేం నేర్చుకోవడం ఇంటి దగ్గరే అయిపోవాలి. రిహార్సల్‌కి వెళ్లేది మిగతావాళ్లు ఏం చేస్తున్నారో వినడానికి. ఈ తేడా తెలియక ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో నేను తిన్న చీవాట్లు అన్నీ ఇన్నీ కావు.

ఇంకో కనపడని పని ఉంది. కచేరీలో సెల్లోలన్నిటి కమాన్లూ ఒకేసారి పైకి, ఒకేసారి కిందికి కదులుతాయి చూశారా? అది దానంతటదే జరగదు. ఏ స్వరానికి కమాను ఎటు పోవాలో మా ప్రిన్సిపల్, అంటే మొదటి కుర్చీలో కూర్చునే ఆయన, వయొలిన్ల వాళ్లతో మాట్లాడుకుని నిర్ణయిస్తాడు. అవన్నీ పెన్సిల్‌తో అందరి కాగితాల మీదికీ ఎక్కాలి. రిహార్సల్ మధ్యలో మారిస్తే ముందు వరస నుంచి వెనక వరసకి గుసగుసగా కబురొస్తుంది. పెన్సిల్ మర్చిపోయి వచ్చినవాడికి మా దగ్గర గౌరవం ఉండదు.

ప్ర: పది మందీ వాయించేది ఒకటే కదా! మీరొక్కరు ఊరికే కమాను ఆడిస్తూ కూర్చుంటే ఎవరికైనా తెలుస్తుందా? పది సెల్లోల్లో మీదేదో ఎలా గుర్తుపట్టాలి?

జ: గుర్తుపట్టకూడదండీ. మీరు గుర్తుపట్టారంటే నా ఉద్యోగానికి ఎసరే.

ఇది వినడానికి తేలిగ్గా ఉంటుంది కానీ మా పనిలో కష్టమంతా ఇక్కడే ఉంది. నా వేలు సరైన చోటే ఉంది, పక్కాయన శ్రుతి వెంట్రుక వాసి పైన ఉంది అనుకోండి. తప్పెవరిదో తేల్చుకునే టైం లేదు, నేనే ఆయన దగ్గరికి జరుగుతాను, అదే క్షణంలో ఆయన నా దగ్గరికి జరుగుతాడు, ఒక్కోసారి ఇద్దరం జరిగీ జరిగీ ఒకరినొకరు దాటిపోతాం కూడా. శ్రుతి ఒక్కటే సరిపోదు, వైబ్రాటో, అంటే తీగ మీద వేలిని ఊపి స్వరాన్ని కదిలించడం, ఎంత వెడల్పుగా ఉండాలి, కమానులో ఏ భాగంతో వాయించాలి, తీగ మీద ఎంత బరువు వెయ్యాలి, అన్నీ కలవాలి. దీనికితోడు వెనక డబుల్ బేస్‌లు చాలాసార్లు మా స్వరాలనే ఒక స్థాయి కింద వాయిస్తుంటాయి, వాళ్ల తీగలు లావు, ధ్వని పలకడానికి ఒక్క రవ్వ ఎక్కువసేపు పడుతుంది, ఆ రవ్వని కూడా మేం లెక్కలోకి తీసుకోవాలి. చేతులతో చేసే పని కన్నా చెవులతో చేసే పనే ఎక్కువ.

అలాగని ఎప్పుడూ దాక్కునే ఉంటామనుకోకండి. షూబర్ట్ అసంపూర్ణ సింఫనీ మొదటి భాగంలో రెండో రాగం మొదట వినపడేది మా దగ్గరే. బీతోవెన్ తొమ్మిదో సింఫనీ చివరి భాగంలో గాయకులు గొంతు విప్పకముందే సెల్లోలు, బేస్‌లు కలిసి మాట్లాడినట్టే వాయిస్తాయి. రోసీని ఆపెరా విలియం టెల్‌కి ముందు వచ్చే ఓవర్చర్ మొదలయ్యేది ఐదు సెల్లోల సోలోలతో, అయితే జనానికి గుర్తుండేది మాత్రం చివర్లో వచ్చే గుర్రాల పరుగే!

ఒక్కరు వాయించకపోతే తెలుస్తుందా అన్నారు కదా, ఓ సంగతి చెప్తాను. బీతోవెన్ ఐదో సింఫనీ రెండో భాగం వయోలాలు, సెల్లోలు కలిసి మెల్లగా మొదలుపెట్టాలి, దాక్కునే చోటే లేదు. ఒక కచేరీలో సరిగ్గా అక్కడ నా ఎండ్‌పిన్ జారింది. ఎండ్‌పిన్ అంటే సెల్లో అడుగున ఉండే కడ్డీ, దాని మొన నేలలో దిగి వాయిద్యాన్ని నిలబెడుతుంది. ఆ స్టేజికి కొత్తగా పాలిష్ పెట్టారు. సెల్లో వేలెడంత వేలెడంత ముందుకి పోతోంది, నేను మోకాళ్లతో బిగించి పట్టుకుని, కుర్చీ అంచుకి జరుగుతూ, కమాను ఆపకుండా తంటాలు పడుతున్నాను. నాతో ఒకే కాగితాల స్టాండ్ పంచుకుంటూ పక్కన కూర్చునే పెద్దాయన నావైపు తిరగనైనా తిరగలేదు, కళ్లు కండక్టర్ మీదే ఉన్నాయి, కాలు మాత్రం పక్కకి చాపి బూటు తెచ్చి నా ఎండ్‌పిన్‌కి అడ్డం పెట్టాడు. ఆయన స్వరం ఒక్క పిసరు కదల్లేదు. ఇంటర్వెల్‌లో ఆ బూటు విప్పి గాటు చూపించి, "కొత్త జత నువ్వే కొనాలి" అన్నాడు. అప్పటినుంచీ ఎండ్‌పిన్ ఆపే పట్టీ లేకుండా గడప దాటను.

అన్నట్టు ఈ కడ్డీ మొదటినుంచీ లేదు. పూర్వం సెల్లోని పిక్కల మధ్య బిగించి పట్టుకునేవారు. కడ్డీ వాడకం 19వ శతాబ్దంలో పుంజుకుంది, బెల్జియం కళాకారుడు సెర్వే వల్లే అది బాగా ప్రచారంలోకి వచ్చిందని చెప్తారు.

ప్ర: ఉద్యోగంలోకి ఎలా తీసుకుంటారు? సిఫార్సులు నడుస్తాయా?

జ: చాలా ఆర్కెస్ట్రాల్లో కనీసం మొదటి రౌండ్‌కి వాయించేవాళ్లకీ, విని ఎంపిక చేసేవాళ్లకీ మధ్య తెర కడతారు. మీకు పేరుండదు, నంబరే ఉంటుంది. నోరు విప్పకూడదు, ఏదైనా అడగాలంటే పక్కనున్న మనిషి చెవిలో చెప్తే ఆయన అడుగుతాడు. నడక చప్పుడుని బట్టి ఆడో మగో తెలిసిపోతుందని కొన్ని చోట్ల నేల మీద తివాచీ కూడా పరుస్తారు. కాబట్టి ఆ రౌండ్‌లో సిఫార్సు ఉన్నా తెరలోంచి దూరదు.

వాయించాల్సినవి దాదాపు అన్ని చోట్లా అవే. హైడ్న్ డి మేజర్ కాన్సర్టో (కాన్సర్టో అంటే ఒక వాయిద్యం ముందుండి ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే కృతి), ఆ తర్వాత ఆర్కెస్ట్రా ముక్కలు: రిచర్డ్ స్ట్రాస్ డాన్ హువాన్ మొదటి పేజీ, ఇందాక చెప్పిన బీతోవెన్ ఐదు, బ్రామ్స్ రెండో సింఫనీ రెండో భాగం, డెబ్యుసీ లా మేర్, మెండెల్‌సన్ షెర్ట్సో. డాన్ హువాన్‌లో మొదటి స్వరానికే చెయ్యి ఎగరాలి, అది ఎగిరిందా లేదా అన్నది మూడు సెకన్లలో తేలిపోతుంది. నేను మొదటిసారి వెళ్లినప్పుడు రెండు నిమిషాలు కూడా కాకుండానే తెర అవతలి నుంచి థాంక్యూ అన్నారు. నాలుగోసారికి గానీ పని అవలేదు. అప్పటికి నాకు అర్థమైందేమిటంటే, వాళ్లు ముందు చూసేది లయ. ఎంత అందంగా పలికినా, భావం పేరుతో తాళాన్ని అటూ ఇటూ లాగారంటే అయిపోయినట్టే, ఈ మనిషి పక్కన కూర్చుని తొమ్మిది మంది ఎలా వాయిస్తారు అన్నదే వాళ్ల బెంగ. ఆ గండం గట్టెక్కినా ఏడాదో రెండేళ్లో ప్రొబేషన్ ఉంటుంది.

ప్ర: అక్కా, స్టేజి మీద టెన్షన్ రాదా?

జ: వస్తుంది తమ్ముడూ. వేగంగా ఉన్న చోట్ల పరవాలేదు, చేతులకి పనుంటుంది. నెమ్మదిగా, సన్నగా, పొడుగ్గా లాగే స్వరం దగ్గరే కుడి చెయ్యి వణుకుతుంది, కమాను తీగ మీద టపటపా కొట్టుకుంటుంది, పక్కన తొమ్మిది కమాన్లు నున్నగా పోతుంటాయి. దీనికి బీటా బ్లాకర్ మాత్రలు వేసుకునేవాళ్లు మా వృత్తిలో తక్కువేం కాదు. 1980లలో అమెరికా ఆర్కెస్ట్రా కళాకారులను రెండు వేల మందికి పైగా అడిగితే నాలుగో వంతు మంది పైనే వాడుతున్నామన్నారు. అవి గుండె మందులు, ఆస్తమా ఉన్నవాళ్లకి ప్రమాదం, స్నేహితుడి డబ్బాలోంచి తీసి వేసుకోకు, డాక్టర్ని అడుగు. నా మటుకు నాకు పనిచేసింది చిన్న ఉపాయం, కచేరీకి ముందు మెట్లు ఎక్కి దిగి, ఆ ఆయాసంతోనే వెంటనే నెమ్మది ముక్క సాధన చేస్తాను. గుండె దడదడలాడుతుంటే కమాను ఎలా ఉంటుందో చేతికి ముందే తెలిసిపోతుంది.

ప్ర: సెల్లోకి విమానంలో టికెట్టు కొంటారట, నిజమేనా?

జ: నిజం. మామూలుగా కిటికీ పక్క సీటు ఇచ్చి బెల్టు కడతారు. నాతో సమానంగా డబ్బు కట్టినా దానికి భోజనం పెట్టరు, అడిగి చూశాను. కిందకి లగేజీలో వేద్దామంటే భయం. పైపలక సన్నటి స్ప్రూస్ చెక్క, లోపల సౌండ్‌పోస్ట్ అనే చిన్న పుల్ల జిగురు లేకుండా కేవలం ఒత్తిడితో నిలబడి ఉంటుంది, గట్టిగా కుదిపితే పడిపోతుంది. గాలిలో తేమ తగ్గితే చెక్క పగులుతుంది. ఆర్కెస్ట్రా మొత్తం టూర్ వెళ్లేటప్పుడు మాత్రం లోపల దూది పరుపుల్లాంటి మెత్తలున్న పెద్ద పెట్టెల్లో వాయిద్యాలన్నీ కార్గోలో పోతాయి, ఆ పెట్టె తెరిచి చూసేదాకా ఎవరికీ మనసు మనసులో ఉండదు. కమానుకి ఇంకో తలనొప్పి. మంచి కమాన్లు బ్రెజిల్‌లో పెరిగే పెర్నాంబుకో చెక్కతో చేస్తారు, ఆ చెట్టు అంతరించిపోతోందని 2007 నుంచి దాని వ్యాపారం మీద అంతర్జాతీయ ఆంక్షలున్నాయి. పాత కమాన్ల కొసకి ఏనుగు దంతం ముక్క ఉంటే దానికి కాగితాలు వేరే చూపించాలి.

ఎంత జాగ్రత్తపడినా మనుషులమే కదా. ప్రపంచ ప్రసిద్ధ సెల్లో కళాకారుడు యో-యో మా అంతటివాడు 1999లో న్యూయార్క్‌లో టాక్సీ దిగి, డిక్కీలో ఉన్న, మోంటన్యానా అనే పనివాడు 1733లో చేసిన సెల్లోని మర్చిపోయి వెళ్లిపోయాడు. అదృష్టం బాగుండి అదే రోజు దొరికింది. ఆ కబురు విన్నప్పటినుంచి టాక్సీలో సెల్లో నా పక్క సీట్లోనే.

ప్ర: వెన్నునొప్పి వస్తుందా? ఇంకేమైనా జబ్బులు?

జ: వెన్ను, మెడ, ఎడమ భుజం, బొటనవేలు. బొటనవేలెందుకంటే, పైస్థాయి స్వరాలకి దాన్ని పక్కకి తిప్పి తీగ మీదే అదిమి పెట్టాలి, దాని అంచున కాయ కాస్తుంది. సెలవులకెళ్లి మూడు వారాలు వాయించకపోతే ఆ కాయ మెత్తబడుతుంది, తిరిగొచ్చాక మొదటి వారం నరకమే. ఇవన్నీ ఓర్చుకోవచ్చు గానీ నాకు అసలు భయం చెవుల గురించి. మా వెనకే ట్రంపెట్లు, ట్రోంబోన్లు ఉంటే వాళ్లు పూర్తి బలంతో ఊదినప్పుడు 100 డెసిబెల్స్ దాటడం మామూలే. ఇయర్‌ప్లగ్స్ పెట్టుకుంటే నా సెల్లో నాకే పక్క గదిలో ఉన్నట్టుంటుంది, పెట్టుకోకపోతే రాత్రి పడుకున్నాక చెవుల్లో సన్నగా కూత. చివరికి ఒక చెవికి మాత్రమే పెట్టుకోవడం అలవాటు చేసుకున్నాను.

ఇక నవ్వుకోవడానికి ఒకటి. 1974లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక ఉత్తరం అచ్చయింది, సెల్లో ఒరుసుకుని మగవాళ్లకి చెప్పుకోలేని చోట పుండ్లు పడుతున్నాయని. దాన్ని నిజమని నమ్మి ఏళ్ల తరబడి వైద్య వ్యాసాల్లో ఉదహరించారు. 2009లో ఆ ఉత్తరం వెనకున్న డాక్టరమ్మే అది సరదాకి రాశామని ఒప్పుకుంది. సెల్లో ఎలా పట్టుకుంటారో ఒక్కసారి చూసినా ఎవరూ నమ్మి ఉండేవాళ్లు కాదు!

ప్ర: వాయించిందే వాయిస్తే బోరు కొట్టదా?

జ: పాకెల్‌బెల్ కేనన్‌లో సెల్లోకి ఉన్నవి ఎనిమిది స్వరాలు. వాటినే 28 సార్లు వాయించాలి. ఇంతకన్నా ఏం చెప్పను?

ప్ర: కోపగించుకోకండి. జీవితమంతా వరసలో కూర్చుని వాయించారు, సోలోయిస్ట్ కాలేదని బాధ లేదా?

జ: కోపం లేదు, ఇన్నాళ్లకి ఎవరో ధైర్యం చేసి అడిగారు. ఉండేది. చదువుకునే రోజుల్లో మాకందరికీ నేర్పింది కాన్సర్టోలే, డ్వోర్జాక్, ఎల్గార్, షూమన్. వరసలో కూర్చోవడం అనేది మిగతావాళ్ల గతి అనుకునేవాళ్లం. ముప్ఫై దాటేవరకు ఏ సోలోయిస్ట్ వచ్చి మా ముందు కూర్చుని ఎల్గార్ వాయించినా, నేనైతే ఇక్కడ ఇలా చేసేదాన్ని అని లోలోపల గొణుక్కుంటూనే ఉండేదాన్ని. ఇప్పటికీ బ్రామ్స్ రెండో పియానో కాన్సర్టో మూడో భాగం మొదలవుతుంటే, అక్కడొచ్చే సెల్లో సోలో మా ప్రిన్సిపల్ వాయిస్తుంటే, చిన్న కలుక్కు లేదని అబద్ధం చెప్పలేను.

కానీ ఎల్గార్ సంగతే చూడండి. ఆ కాన్సర్టో 1919లో లండన్‌లో మొదటిసారి వాయించినప్పుడు రిహార్సల్‌కి టైం చాలక కచేరీ చెడింది. ఆ రోజు సెల్లో వరసలో ఓ పంతొమ్మిదేళ్ల కుర్రాడు కూర్చుని ఉన్నాడు, పేరు జాన్ బార్బిరోలీ. 46 ఏళ్ల తర్వాత, 1965లో, ఇరవయ్యేళ్ల జాక్వెలిన్ డు ప్రే అదే కాన్సర్టో రికార్డు చేస్తుంటే కండక్టర్ ఆయనే. ఆ రికార్డు విన్నప్పుడల్లా అందరూ డు ప్రేనే వింటారు, నేనేమో ఆమె వెనకున్న ఆర్కెస్ట్రాని వింటాను. ఆమె గుక్క తిప్పుకునే చోట వాళ్లు ఎంతసేపు ఆగాలో అంతే ఆగుతారు. ఆ ఆగడం ఎంత కష్టమో వరసలో కూర్చున్నవాళ్లకి తెలుసు, బార్బిరోలీ అలా కూర్చున్నవాడే. పాపం డు ప్రే 28 ఏళ్లకే మల్టిపుల్ స్క్లిరోసిస్ వల్ల వాయించడం మానేయాల్సి వచ్చింది.

బాధ ఎప్పుడు పోయిందంటే తేదీ చెప్పలేను. ఆ బూటు అడ్డం పెట్టిన ఏడాదిలో ఎప్పుడో.

ప్ర: ఇంట్లో కూడా సంగీతమే వింటారా? హాబీలేంటి?

జ: ఇంటికొచ్చాక రేడియో కూడా పెట్టను. కచేరీ రాత్రుళ్లు తల లోపల ఎలాగూ మోగుతూనే ఉంటుంది. నాకు ఇష్టమైనది పొద్దున్నే పిట్టల కూతలు వినడం, ఏది ఎక్కడి నుంచి కూస్తోందో కళ్లు మూసుకుని చెప్పడం, ఇదీ చెవి పనే అని మా ఇంట్లోవాళ్లు వెక్కిరిస్తారు. మా వరసలో ఒకాయన పాత గడియారాలు బాగు చేస్తాడు, ఒకావిడ పర్వతాలు నడిచి ఎక్కుతుంది. వాలీబాల్ ఆడేవాళ్లు మాత్రం ఎవరూ లేరు, వేళ్లు ముఖ్యం.

సెలవు రోజున సెల్లో తీస్తే, బాక్ ఒంటరి సెల్లో కోసం రాసిన ఆరు సూట్లు (ఒక్కోటి కొన్ని ముక్కల వరస) వాయిస్తాను, నా ఒక్కదాని కోసం. ఆ ఆరింటిని పాబ్లో కసాల్స్ అనే గొప్ప సెల్లో కళాకారుడు పదమూడేళ్లప్పుడు బార్సిలోనాలో ఓ పాత షాపులో చూసి కొనుక్కుని, దాదాపు పన్నెండేళ్లు సాధన చేశాక గానీ జనం ముందు వాయించలేదట. మూణ్నాలుగు నెలలకోసారి మేం సెల్లోల వాళ్లమే కలిసి ఎవరింట్లోనో కూర్చుంటాం. అన్ని స్థాయిలూ సెల్లోలో ఉన్నాయి కాబట్టి వేరే వాయిద్యం అవసరం ఉండదు. బెర్లిన్ ఫిల్హార్మోనిక్ వాళ్ల పన్నెండు సెల్లోల బృందం 1972 నుంచి చేస్తున్నది అదే. మేం వాళ్లలా వాయించం, కాకపోతే నవ్వులు వాళ్లకన్నా ఎక్కువే ఉంటాయి.

ప్ర: నాకు 36 ఏళ్లు. ఇప్పుడు సెల్లో మొదలుపెట్టొచ్చా?

జ: ఉద్యోగం కోసమైతే వద్దు. వాయించడం కోసమైతే రేపే మొదలుపెట్టండి. వెంటనే కొనకండి, అద్దెకి తీసుకోండి, మొదటి ఆరు నెలలు మాత్రం తప్పకుండా టీచర్ దగ్గరే నేర్చుకోండి, ఎందుకంటే కమాను పట్టు తప్పుగా పడితే దాన్ని విడిపించడం కొత్తగా నేర్చుకోవడం కన్నా కష్టం. ఎఫ్ దగ్గరో ఎఫ్ షార్ప్ దగ్గరో ఒక స్వరం తోడేలు ఊళపెట్టినట్టు వణికితే మీ తప్పనుకోకండి, చాలా సెల్లోల్లో అది ఉంటుంది, దాని పేరే వోల్ఫ్ టోన్. మోకాళ్లతో కాస్త నొక్కితే తగ్గుతుంది.

ప్ర: మా ఆవిడ ఏడాది నుంచి సెల్లో నేర్చుకుంటోంది. నేను పక్క గదిలోకెళ్లి తలుపేసుకున్నా గోడలు బుయ్‌మని మోగుతున్నాయి. ఏదైనా ఉపాయం చెప్పండి, ఆవిడకి తెలియకుండా.

జ: ఆవిడ ఈ శీర్షిక చదవదని నమ్మకమేంటండీ మీకు? అయినా చెప్తాను. బ్రిడ్జ్ (తీగల్ని ఎత్తి పట్టే చెక్క) మీద తగిలించే, ధ్వని తగ్గించే రబ్బరు మ్యూట్ దొరుకుతుంది, ఒకటి కొనిపెట్టండి. ఎండ్‌పిన్ కింద మందపాటి రగ్గు వేస్తే నేలలోకి పోయే మోత తగ్గుతుంది, కింద ఇంటివాళ్లు కూడా మిమ్మల్ని దీవిస్తారు. కానీ సి తీగ 65 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, అంత మంద్రం గోడల్ని లెక్కచెయ్యదు, పైస్వరాలు మాత్రం తలుపు దగ్గరే ఆగిపోతాయి. అంటే తలుపేసుకుని మీరు ఏడాదిగా వింటున్నది ఆవిడ వాయించేదాంట్లో అడుగు భాగం ఒక్కటే. ఓ రోజు వెళ్లి అదే గదిలో కూర్చోండి.